చల్లకొచ్చి ముంత దాచొద్దు

(మిషన్ సేవకు బయల్దేరుతున్న యువతీ యువకులకు వీడ్కోలు చెప్పడానికి హనుమకొండలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న అవ్వకు ఇంకోసారి నమస్కారం. అవ్వ ఎవరో కాసేపట్లో చెప్తాను.

ఈ నెలలో మన దగ్గర నుంచి నలుగురు పిల్లలు మిషన్‌కు వెళ్తున్నారు. వాళ్లకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఏం చెప్పాలా అని వారం రోజులు ఆలోచించాను. చివరికి, నేను ఈ ఊళ్లో అడుగుపెట్టిన మొదటి వారం ఒక్కటే చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఎందుకంటే ఈ పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలన్నీ దాని గురించే. "అన్నా, కొత్త ఊళ్లో మొదటి మాట ఏమనాలి? భాష అర్థం కాకపోతే ఎలా? ఎవరైనా ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇస్తే ఏం చేయాలి?" ఆ టీ ప్రశ్న అడిగిన చెల్లి అదిగో అక్కడ కూర్చుంది. నేను చెప్పబోయేదంతా దాదాపు ఆమె ప్రశ్నకు జవాబే.

ఇక్కడ మన సంఘం వాళ్లే కాకుండా పక్కిళ్లవాళ్లు, స్నేహితులు కూడా ఉన్నారు. వాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. మమ్మల్ని చాలామంది మోర్మన్లు అంటారు. మా సంఘం అసలు పేరు 'యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము'. 1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ దీన్ని స్థాపించారు. బైబిల్‌తో పాటు మోర్మన్ గ్రంథాన్ని కూడా లేఖనంగా నమ్ముతాం కాబట్టి ఆ పేరు వచ్చింది. మా పిల్లలు ఒక వయసు వచ్చాక, ఇష్టమైతే, చదువూ ఉద్యోగమూ పక్కనపెట్టి మిషన్ సేవకు, అంటే వేరే ఊళ్లో ఉండి యేసు క్రీస్తు గురించి చెప్పే సేవకు, వెళ్తారు. అబ్బాయిలైతే 24 నెలలు, అమ్మాయిలైతే 18 నెలలు. జీతం ఉండదు. ఖర్చు ఇంటివాళ్లు భరించగలిగినంత భరిస్తారు, మిగతాది సంఘం చూసుకుంటుంది. ఏ ఊరికి పంపితే ఆ ఊరికే వెళ్లాలి, మనం కోరుకోవడం ఉండదు. ఎప్పుడూ ఇద్దరు కలిసే ఉండాలి. ఆ రెండోవాణ్ని కంపానియన్ అంటాం. పొద్దున ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకల్లా లైటు తీసేయాలి. మధ్యలో చదువు, ప్రార్థన, ఇళ్లకు వెళ్లడం, ఎవరికైనా పనిలో సాయం కావాలంటే చేయడం. ఇంతే.

నేను వెళ్లింది 2013లో. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. మాది కాకినాడ. ఆ ముందు ఏడాది అక్టోబరులోనే మా సంఘం అబ్బాయిల వయసు పరిమితిని 19 నుంచి 18కి తగ్గించింది. అదే 2012లో, మన దేశంలో సంఘానికి మొదటి స్టేక్ హైదరాబాద్‌లో ఏర్పడింది. స్టేక్ అంటే కొన్ని ప్రాంతాల సమాజాలన్నీ కలిసిన ఒక పెద్ద విభాగం అనుకోండి. కాబట్టి నేను బెంగళూరు మిషన్‌లో చేరేనాటికి మావాళ్లలో మంచి ఉత్సాహం ఉండేది. నాకూ ఉండేది. బెంగళూరులో నా చేతికి కాగితం ఇచ్చి, వరంగల్ అన్నారు. తెలుగు ఊరే కదా, భాష సమస్య లేదు అని సంతోషపడ్డాను.

ఏ రోజుల్లో వచ్చానో మీలో పెద్దవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అది ఆగస్టు నెల, స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు రోజు, బుధవారం. జూలై 30న తెలంగాణ ఇవ్వాలని కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం చేసింది. ఇక్కడ పండుగ. అక్కడ మా వైపు సమ్మెలు, ఆర్టీసీ బస్సులు నిలిచిపోయాయి, మా నాన్న ఆఫీసుకు తాళం. నేనేమో చొక్కా జేబు మీద పేరు పలక పెట్టుకుని, టై కట్టుకుని, రెండు పెట్టెలతో సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగాను. రైల్లో రెండు గంటలూ నోరు విప్పలేదు. నోరు విప్పితే ఏ ఊరోడినో తెలిసిపోతుందని టెన్షన్.

స్టేషన్‌కు నా కంపానియన్ వచ్చాడు. చెన్నై కుర్రాడు, తమిళుడు. అప్పటికి ఈ ఊళ్లో నాలుగు నెలల నుంచి ఉన్నాడు. ఇద్దరం షేరింగ్ ఆటో ఎక్కాం. ఫాతిమానగర్ దాటాక, ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన నా పెట్టెల వైపు చూసి "ఏ ఊరు బిడ్డా?" అన్నారు. ఇక తప్పదని "కాకినాడండి" అన్నాను. ఆటోలో మాటలు ఆగిపోయాయి. పక్కనున్న కుర్రాడు "ఆంధ్రనా?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఎన్.ఐ.టి. వచ్చింది, పోయింది. అప్పుడు ఆ పెద్దాయన మళ్లీ అడిగారు, "గంత దూరంకెల్లి అచ్చినవ్, అన్నం తిన్నవా మరి?"

నేను ఆ రోజు అన్నం తినలేదు. తిన్నానని చెప్పాను. చిన్న అబద్ధమే, మర్యాద కోసం చెప్పింది. కానీ అదే రోజు సాయంత్రం చెప్పబోయే పెద్ద అబద్ధానికి అది మొదలని ఇప్పుడు అనుకుంటాను. ఆయనకు ఆకలిగా ఉందని చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఈ ఊళ్లో పన్నెండేళ్లుగా తిరుగుతున్నాను కదా. ఆటో ఆపించి ఎక్కడో కూర్చోబెట్టి తినిపించేవారు.

ఇప్పుడు అవ్వ సంగతి. 

మా పాత గది ఖాళీ చేయాల్సి వచ్చి, ఆ రోజే కొత్త గదిలోకి దిగాం. మేడ మీద ఒక్క గది, పక్కన చిన్న వంటిల్లు. కింద ఇంటి ఓనరమ్మ ఉంటారు. ఆమే ఈ అవ్వ. సాయంత్రం ఐదు గంటలకు కంపానియన్ బల్బు, చీపురు కొనుక్కొస్తానని సందు చివరి కొట్టుకు వెళ్లాడు. కనపడేంత దూరమే, నేను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. అవ్వ మెల్లగా మెట్లెక్కి వచ్చారు. చేతిలో రెండు స్టీలు గ్లాసులు, కొంగుతో పట్టుకున్నారు. అల్లం వాసన. "కొత్తగ అచ్చిన్రు గదా, చాయ్ తాగుండ్రి" అన్నారు.

మా సంఘంలో టీ, కాఫీ, మద్యం, పొగాకు ముట్టుకోం. 1833లో జోసెఫ్ స్మిత్‌కు దేవుడిచ్చిన ఆజ్ఞగా దాన్ని పాటిస్తాం. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో టీ డికాషన్ మరగడం నేను చూడలేదు. బడిలో స్నేహితులు అడిగితే జవాబు చెప్పడం అలవాటే. కానీ ఒక పెద్దావిడ మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి తెచ్చిన గ్లాసు ముందు నాకు మాట రాలేదు. అందులోనూ నేను ఆంధ్రవాణ్ని. వద్దంటే ఇంకేమనుకుంటారో అని భయం. "మామ్మగారూ, నాకు కడుపులో బాగోలేదండి" అన్నాను. ఆమె నా మొహం ఒకసారి చూసి, ఒక గ్లాసు కంపానియన్ కోసం కిటికీలో పెట్టి, రెండోది తీసుకుని దిగిపోయారు. గండం గడిచిందనుకున్నాను.

కంపానియన్ వచ్చాడు. కిటికీలో గ్లాసు చూశాడు. ఏం జరిగిందని అడిగాడు, చెప్పాను. అతను నన్ను ఒక్క మాట అనలేదు. గ్లాసు చేతిలోకి తీసుకుని "పద, కిందకు పోదాం" అన్నాడు.

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను. మేం దిగేసరికి అవ్వ వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చున్నారు. ముందు చిన్న రాతి రోలు. అందులో వాము దంచుతున్నారు. పక్కన చిటికెడు ఉప్పు, చెంబులో వేడినీళ్లు. గాజులు పైకి తోసుకుని, రోలు మీద రెండో చెయ్యి అడ్డం పెట్టి, గింజ బయటికి ఎగరకుండా మెల్లగా దంచుతున్నారు. ఎవరి కడుపు నొప్పికి? లేని నొప్పికి. పొద్దున్నే వచ్చి దిగిన, పేరు కూడా తెలియని కుర్రాడి కోసం. ఆ రోలు చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ రెండేళ్లలో ఎన్నో పాఠాలు చదివాను, ఎన్నో వినిపించాను. నన్ను అంతగా లోపల పట్టుకున్నది వేరే ఏదీ లేదు.

కంపానియన్ గ్లాసు పక్కన పెట్టి, కింద కూర్చుని చెప్పాడు. "అవ్వా, మేం చాయ్ తాగం. దేవునికి మాటిచ్చినం. నువ్వు బాధపడ్తవని ఈ తమ్ముడు చెప్పలేకపోయిండు. కడుపు మంచిగనే ఉంది."

అవ్వ దంచడం ఆపారు. నేను అక్కడే క్షమించమని అడిగాను. ఆమె నన్ను చూసి, "అయ్యప్ప మాలేసుకున్నోళ్ల లెక్కనా?" అన్నారు. అవునన్నట్టు తలూపాను. "ఎన్ని రోజులు?" అన్నారు. మాలకైతే 41 రోజులు కదా. "ఎప్పటికీ అవ్వా" అన్నాను. మామ్మగారు అనకుండా అవ్వా అన్నది అదే మొదటిసారి. "గట్లైతే ముందుగాల్నే చెప్పరాదు కొడుకా" అని, నా పేరు పలక మీద వేలు పెట్టి, "గిదేంది మరి? మందుల కంపెనోళ్లా?" అని అడిగారు. తెల్లచొక్కా, టై, పేరు పలక పెట్టుకుంటే ఎమ్‌.జి.ఎమ్‌. ఆస్పత్రి చుట్టుపక్కల అందరూ మెడికల్ రెప్‌లే అనుకుంటారు.

అప్పుడైనా నేరుగా చెప్పానా? లేదు. "మంచి మాటలు చెప్తామండి, సేవ చేస్తాం, పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతాం" అంటూ చుట్టూ తిప్పాను. అవ్వ నవ్వి, "సల్లకచ్చి ముంత దాసుడు ఎందుకురా" అన్నారు.

ఈ సామెత మనందరికీ తెలుసు. మా వైపు చల్ల అంటాం, ఇక్కడ సల్ల. ఇంటికొచ్చింది చల్ల అడగడానికి, కానీ సిగ్గుపడి ముంతను కొంగు చాటున దాచుకుని ఆ మాటా ఈ మాటా చెప్పేవాళ్లను అలా అంటారు. చిన్నప్పటి నుంచి వింటున్న సామెత. ఆ సాయంత్రం అది నన్ను ఉద్దేశించి అన్నాక గానీ దాని బరువు తెలియలేదు.

అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. మాది క్రైస్తవ సంఘమనీ, ఫలానా పేరనీ, రెండేళ్లు ఇంటికి పోకుండా యేసు క్రీస్తు గురించి చెప్పుకుంటూ తిరుగుతామనీ, వినాలనుకుని పిలిచినవాళ్ల ఇళ్లకే వెళ్తామనీ, ఇష్టం లేనివాళ్లను ఇబ్బంది పెట్టమనీ చెప్పాను. అవ్వ అంతా విని, "గంతేనా. నాకైతే వద్దు. నాకు భద్రకాళమ్మ ఉన్నది. మీ పని మీరు చేసుకోండ్రి" అని లేచారు. లోపలికి వెళ్లి రెండు చెంబుల నిండా సల్ల తెచ్చి మా ముందు పెట్టారు. ఉప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు నలిపి వేసిన సల్ల. అది తాగాక నా కళ్లలో నీళ్లొచ్చాయి. కారానికి అని అవ్వ అనుకున్నారు.

చెల్లీ, టీ ఇస్తే ఏం చేయాలని అడిగావు కదా. నిజం చెప్పు. చెప్పేటప్పుడు నిలబడి చెప్పకు, కూర్చుని చెప్పు. వద్దన్న తర్వాత వెంటనే లేచి రాకు. ఆ ఇంట్లో నువ్వు తీసుకోగలిగింది ఇంకోటి తప్పకుండా ఉంటుంది. మంచినీళ్లైనా సరే, నోరు తెరిచి అడుగు. మనం ఇవ్వడానికి వెళ్తున్నామనుకుంటాం, అందుకే అడగడం మనకు చేతకాదు. మిషనరీలకు ఇచ్చే శిక్షణలో దీనికి ఒక రోజు ప్రత్యేకంగా కేటాయించాలని నా గట్టి అభిప్రాయం.

శుక్రవారం సంగతి. శ్రావణ మాసం, అవ్వ ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. పొద్దున్నుంచి పులిహోర పోపు వాసన మేడ మీదకి వస్తోంది. మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ప్రసాదం సంగతి ఎంత సున్నితమో మీకు చెప్పనక్కర్లేదు. ఈ విషయంలో ఎంతోమంది స్నేహితులు ఒకరినొకరు నొప్పించుకోవడం చూశాను. మధ్యాహ్నం అవ్వ మెట్ల కింద నుంచే పిలిచి, "ప్రసాదం తింటరా, తినరా? తినకుంటే చెప్పుండ్రి, నాకేం లేదు" అని అడిగేశారు. బుధవారం ముంత బయట పెట్టాం కాబట్టి ఆమె శుక్రవారం అంత తేలిగ్గా అడగగలిగారు. మేం చెప్పాం. సాయంత్రం "పైకి పోకుండ్రి, కూసోండ్రి" అని, పూజతో సంబంధం లేకుండా మా కోసం సర్వపిండి చేశారు.

సర్వపిండి చేయడం అదే మొదటిసారి చూడటం. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కారం వేసి కలిపారు. ఆ ముద్దను లోతైన గిన్నె లోపల, అడుగు నుంచి అంచుల దాకా, వేళ్లతో నొక్కుతూ పలచగా పరిచారు. చూపుడు వేలితో అక్కడక్కడా రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలో నాలుగు చుక్కలు నూనె. మూతపెట్టి చిన్న మంట మీద పెట్టారు. మొదటిది తీశాక నాకు ఆత్రం, రెండోదానికి పిండి తీసుకుని గిన్నెలో పెట్టబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపారు. గిన్నెను బోర్లించి, దాని మీద చన్నీళ్లు పోశారు. సుయ్యిమని ఆవిరి లేచింది. "కాలే గిన్నెకు పిండి అంటదు. సల్లారాలె" అన్నారు. ఆ రాత్రి ఎన్ని తిన్నామో లెక్కలేదు. నూనె చుక్కలు పడ్డ చోట ఎర్రగా కరకరలాడేది, మధ్యలో మెత్తగా.

1842లో జోసెఫ్ స్మిత్ మా నమ్మకాలను పదమూడు సూత్రాలుగా రాశారు. పదకొండో దాంట్లో, మా మనస్సాక్షి ప్రకారం దేవుణ్ని ఆరాధించే హక్కు మాకు కావాలంటూనే, అదే హక్కు ప్రతి మనిషికీ ఉందని, ఎవరిని ఎలా ఆరాధించుకుంటారో అది వాళ్లిష్టమని ఉంది. మా పిల్లలందరికీ అది కంఠతా వచ్చు. నాకూ వచ్చు. దాన్ని ఆచరణలో పెట్టడం ఎలాగో మాత్రం నేను అవ్వ వంటింట్లో చూశాను.

ఇక భాష. తెలుగు ఊరు కాబట్టి సమస్య లేదనుకున్నానని చెప్పాను కదా. మొదటి మూడు రోజుల్లో నాకు తెలిసింది ఏంటంటే, నా కంటే చెన్నై కుర్రాడే ఈ ఊరి తెలుగు బాగా మాట్లాడతాడు. నేను కుళాయి అంటే అతను నల్లా అంటాడు. నేను చొక్కా అంటే అతను అంగి అంటాడు. కూరగాయల కొట్లో నేను బంగాళాదుంపలు అడిగితే, అతను పక్కనుంచి ఆలుగడ్డ అని చెప్పాలి. అతనికి ఈ తెలుగు తప్ప వేరే తెలుగు రాదు. ఇక్కడివాళ్ల నోటి నుంచే నేర్చుకున్నాడు. అందుకే ఎక్కడికి వెళ్లినా వాణ్ని ఇంట్లో మనిషిలా చూసేవారు. నేను మాత్రం ఎప్పుడూ చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉండేవాణ్ని.

ఆదివారం ఒక ఇంటి ముందుగదిలో కొద్ది కుటుంబాలు కలిశాం. మా ఆరాధనలో రొట్టె, నీళ్లు దీవించి అందరికీ పంచుతాం. ఆ దీవెన ప్రార్థనలు రెండూ ఉన్నవి ఉన్నట్టు చదవాలి, ఒక్క మాట తప్పినా మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఆ వారం నన్ను చదవమన్నారు. టెన్షన్‌తో ఒక పదం మింగేశాను, మళ్లీ చదివాను. సరే, అయింది. తర్వాత నన్ను సాక్ష్యం, అంటే నా నమ్మకం గురించి నాలుగు మాటలు, చెప్పమన్నారు. ముగింపు ప్రార్థన కూడా చేయమన్నారు. ఈ రెండింటికీ పుస్తకం లేదు, మన సొంత మాటల్లోనే చెప్పాలి. కానీ నేను ఏం చేశాను? చిన్నప్పటి నుంచి బైబిల్ తెలుగులో పెరిగినవాణ్ని కదా, "ఓ పరలోకపు తండ్రీ, నీ దాసులమైన మేము నీ సన్నిధిని చేరి యున్నాము" అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు చేశాను. కళ్లు తెరిచాక గదిలో అందరూ మర్యాదగా ఉన్నారు, అంతే.

బయటికొచ్చాక ఒక పెద్ద సిస్టర్, కూలిపనికి వెళ్లే మనిషి, నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగింది. మా సంఘంలో మిషన్‌కు వచ్చిన అబ్బాయిలను ఎల్డర్ అని పిలుస్తారు. "ఎల్డర్, దేవునితోని గూడ పుస్తకం లెక్కనే మాట్లాడ్తవా? ఇంట్ల మీ అమ్మతోని గట్లనే మాట్లాడ్తవా?"

కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కాకినాడ భాషలో, ఇంట్లో మా అమ్మతో మాట్లాడినట్టు ప్రార్థన చేశాను. "ఇక్కడ నాకేం అర్థం కావట్లేదు, భయమేస్తోంది, నాన్న ఆఫీసు ఏమైందో" అని. అలా ప్రార్థన చేయడం నా పంతొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

ఈ ఊరికి భాష గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. కాళోజీ నారాయణరావు గారు బతికిన ఊరిది. జనం నోట్లో ఉన్న మాటకు గౌరవం ఉండాలని ఆయన జీవితమంతా వాదించారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మా సంఘం తెలుగువాళ్ల దగ్గరకు వచ్చిన తీరు కూడా ఇంటి మాటతోనే. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల్లో ఉండగా సంఘంలో చేరి, 1978 డిసెంబరులో మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. వచ్చి మొదట ఎవరి దగ్గరకు వెళ్లారు? తమ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బంధువుల దగ్గరకే. భోజనాల దగ్గర, మంచాల మీద కూర్చుని చెప్పుకున్న మాటలవి. ఎల్సీ గారి తండ్రి బాప్టిస్టు పాస్టరు. ఆయనే మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించే పనికి పూనుకున్నారు. ఇది మన పిల్లలకు తెలియాలి.

సోమవారం మాకు సెలవు రోజు లాంటిది. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఉత్తరం రాయడం. ఇప్పుడైతే వారానికోసారి ఇంటికి ఫోన్ చేయొచ్చు, 2019 నుంచి ఆ వీలు వచ్చింది. అప్పుడు వారానికి ఒక్క ఈమెయిల్. ఇంటర్నెట్ షాపులో కూర్చుని తెరిస్తే నాన్న నుంచి ఒకే ఒక్క లైను. "ఇక్కడ పరిస్థితి బాలేదు, అక్కడ నిన్ను ఎవరైనా ఏమైనా అంటున్నారా?" నేను జవాబుగా అవ్వ గురించి రాశాను, సల్ల గురించి, సర్వపిండి గురించి. ఆటోలో పెద్దాయన అన్నం తిన్నావా అని అడిగిన సంగతి రాశాను. తర్వాత వారం నాన్న రాశారు, ఆ ఈమెయిల్ ప్రింటు తీసి పక్కింటివాళ్లకు కూడా చదివి వినిపించానని. అప్పుడు కాకినాడలో ఆ పక్కింటివాళ్లు రోజూ రోడ్డు మీద ధర్నాలో కూర్చుంటున్నారు. రాష్ట్రం విడిపోవడం గురించి నేను ఇక్కడ ఏమీ మాట్లాడను, అది నా విషయం కాదు. ఆ ఆగస్టులో ఒక కాకినాడ కుర్రాణ్ని హనుమకొండ ఎలా చూసుకుందో మాత్రం ఎవరడిగినా చెప్తాను.

వారంలో చివరి రోజు మంగళవారం. కాజీపేటలో ఒకాయన మమ్మల్ని ఇంటికి రమ్మన్నారు. సంఘంలోని ఒక కుటుంబానికి తెలిసినవారు. రైల్వేలో పని. వెళ్లి కూర్చోగానే ఆయన, "మా అవ్వ పోయి మూడు నెలలైంది. ఇప్పుడు ఏడున్నదంటరు?" అని అడిగారు. చనిపోయాక ఏమవుతుందన్న దాని గురించి మా దగ్గర పెద్ద పాఠమే ఉంది. బొమ్మలు గీసి చెప్పడం నేర్పించారు, వారం రోజులుగా అద్దం ముందు నిలబడి సాధన చేశాను. సంచిలోంచి కాగితం తీశాను. ఆయన మొహం చూశాను. కాగితం మళ్లీ సంచిలో పెట్టేశాను.

"మీ అవ్వ పేరేంది?" అని అడిగాను. ఆయన చెప్పారు. ఆమె ఏం వండేదని అడిగాను. ఏం పాడేదని అడిగాను. ఆయన గంటసేపు మాట్లాడారు. బతుకమ్మ రోజుల్లో తంగేడు పూల కోసం తెల్లారకముందే లేపి చెలక గట్లకు తీసుకెళ్లేదట. చివరి రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టలేదు గానీ, ఈయన డ్యూటీకి పోయేటప్పుడు మాత్రం "పైలంగ పో" అనేదట. ఆ మాట చెప్పి ఆయన ఆగిపోయారు. మేం కూడా ఏమీ మాట్లాడలేదు. కాసేపటి తర్వాత మేం నమ్మేది రెండు మాటల్లో చెప్పాను. కుటుంబ బంధం చావుతో తెగిపోదనీ, మళ్లీ కలుసుకుంటామనీ నమ్ముతామని. నేను నమ్ముతున్నానని. ఈసారి ఎక్కడా ముంత దాచలేదు.

ఆయన సంఘంలో చేరలేదు. చాలా వారాలు మమ్మల్ని పిలిచారు, మాట్లాడారు, తర్వాత ఆయనకు బదిలీ అయింది. ఎంతమందిని చేర్చారని అడిగేవాళ్లకు ఆ ఇల్లు లెక్కలోకి రాదు. నా రెండేళ్ల సేవలో ముందుగా గుర్తొచ్చేది మాత్రం ఆ ఇల్లే.

సేవ ముగిశాక ఇంటికి వెళ్లాను, చదువుకున్నాను. ఉద్యోగం ఎక్కడ కావాలంటే వరంగల్ అన్నాను. మా అమ్మ అవాక్కయింది. ఇప్పుడు నా పిల్లలు కూడా అవ్వను అవ్వ అనే పిలుస్తారు. వాళ్లు నల్లా అంటారు, అంగి అంటారు. పన్నెండేళ్లలో అవ్వ మా ఆరాధనకు ఒక్కసారి కూడా రాలేదు, నేను రమ్మని ఒత్తిడి చేయలేదు. ఇవాళ నలుగురు పిల్లలు పోతున్నారని చెప్తే, తానే వస్తానన్నారు. పొద్దున్నే లేచి తోడుపెట్టిన పెరుగంతా చిలికారు.

అందుకే ఇక నేను ఆపేస్తాను. వెనకాల బల్ల మీద పెద్ద క్యాన్ ఉంది, అందులో అవ్వ తెచ్చిన సల్ల ఉంది. పచ్చిమిర్చి కొంచెం ఎక్కువే పడిందట. గ్లాసులు పక్కనే ఉన్నాయి. ముందు వెళ్లే పిల్లలు నలుగురూ తీసుకోండి, తర్వాత మిగతావాళ్లు రండి.